పార్కు కావాలి సరే, ఎవరి పొలంలో?

జగిత్యాల: ఊరికి పార్కు వద్దనేవారు ఎక్కడా ఉండరు. సాయంత్రం పూట పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు నాలుగడుగులు నడవడానికి, ఆడవారు కాసేపు కూర్చోవడానికి ఓ పచ్చని చోటు ఉంటే ఎవరికి చేదు? అయినా 2023 జనవరిలో జగిత్యాల చుట్టుపక్కల పల్లెల రైతులు ఆ పేరు వింటేనే భగ్గుమన్నారు. మున్సిపాలిటీ ప్రకటించిన మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ సాగు భూములను ‘రిక్రియేషన్ జోన్’లో చేర్చారని తెలిసి పనులు మాని రోడ్డెక్కారు. నర్సింగాపూర్, తిమ్మాపూర్, అంబారిపేట, హస్నాబాద్ వంటి గ్రామాల వారు మున్సిపల్ కార్యాలయం ముందు ధర్నాలు చేశారు. రాస్తారోకోలు జరిగాయి. చివరకు జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది.

అదే రోజున కామారెడ్డి మున్సిపల్ కౌన్సిల్ కూడా తన ముసాయిదాను వెనక్కు తీసుకుంటూ తీర్మానం చేయడం గమనార్హం. అక్కడి గొడవ ప్రధానంగా ఇండస్ట్రియల్ జోన్ గురించి. భూమి పోతుందన్న బెంగతో ఒక రైతు ప్రాణం తీసుకోవడంతో ఆందోళన తీవ్రరూపం దాల్చింది. కలెక్టరేట్ ముట్టడి, పట్టణ బంద్ దాకా వెళ్లింది.

రెండు చోట్లా రైతులు గెలిచారు. ముసాయిదాలు అటకెక్కాయి. అంతవరకు బాగానే ఉంది. కాని జగిత్యాల పట్టణానికి పార్కులు, ఆటస్థలాలు ఎక్కడ రావాలి అన్న ప్రశ్న మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు మిగిలిపోయింది. రైతుకు అన్యాయం జరగకుండా, పట్టణానికి ఊపిరాడే చోటు దక్కేలా ఇరవై ఏళ్ల ప్రణాళిక వేయడం అసాధ్యమా? అసాధ్యం కాదనే చెప్పాలి. అందుకు ముందుగా అసలు జరిగిందేమిటో తెలుసుకోవలసిన అవసరం ఉంది.

పటంలో పచ్చ రంగు

మాస్టర్ ప్లాన్ అంటే పట్టణం రాబోయే ఇరవై ఏళ్లలో ఎటు పెరగాలో, ఏ జాగా దేనికి వాడాలో నిర్ణయించే పటం. అందులో ఒక్కో వాడుకకు ఒక్కో రంగు ఉంటుంది. సాధారణంగా ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, బడులు, ఆస్పత్రులు, కార్యాలయాలకు ఎరుపు, వ్యవసాయానికి లేత ఆకుపచ్చ, పార్కులు, ఆటస్థలాలు వగైరాలకు ముదురు ఆకుపచ్చ వేస్తారు. ఈ ముదురు ఆకుపచ్చ రంగు పడిన చోటే రిక్రియేషన్ జోన్.

లేత ఆకుపచ్చకు, ముదురు ఆకుపచ్చకు పటంలో కనిపించే తేడా స్వల్పం. రైతు బతుకులో మాత్రం ఆ తేడా చాలా పెద్దది. రిక్రియేషన్ జోన్‌లో పార్కులు, ఆటస్థలాలు, స్టేడియం వంటి వాటికి తప్ప ఇళ్లకు, లేఅవుట్లకు సాధారణంగా అనుమతి దొరకదు. భూ వినియోగం మార్చుకోవాలంటే ప్రభుత్వం దాకా ఫైలు నడవాలి, ఉత్తర్వు రావాలి, రుసుము కట్టాలి. రెండెకరాల రైతుకు హైదరాబాదు సచివాలయం చుట్టూ తిరిగే ఓపిక, స్తోమత ఎక్కడివి?

భూమిని ఎవరూ గుంజుకోవడం లేదని, పట్టా రైతు పేరునే ఉంటుందని, సాగు చేసుకోవడానికి అడ్డేమీ లేదని ఇటువంటి సందర్భాల్లో అధికారులు చెబుతుంటారు. చట్టం ప్రకారం అది నిజమే. మాస్టర్ ప్లాన్ భూసేకరణ కాదు. రంగు వేసినంత మాత్రాన హక్కు మారదు. సేకరించాలంటే 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, విచారణ జరిపి, నష్టపరిహారం చెల్లించవలసిందే. కాని రైతు భయం పట్టా గురించి మాత్రమే కాదు. బిడ్డ పెళ్లికో, కొడుకు చదువుకో, ఆస్పత్రి ఖర్చుకో ఓ పది గుంటలు అమ్ముకోవలసి వస్తే కొనేవాడు ముందు అడిగేది ఏ జోన్ అనే. పక్క చేను పసుపు రంగులో ఉండి గజాల లెక్కన అమ్ముడుపోతుంటే, తన చేను ముదురు ఆకుపచ్చలో పడినందుకు ఎకరాల లెక్కన కూడా అడిగే నాథుడు ఉండడు. పరిహారం ఇస్తారా అంటే, సేకరించడం లేదు కనుక పరిహారం ఊసే లేదు. భూమి ఉండీ లేనట్టే.

జగిత్యాల 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2022 నవంబరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, ఆ మరుసటి నెలలో కొత్త కలెక్టరేట్ భవనం ప్రారంభమయ్యాయి. పట్టణం నాలుగు దిక్కులా పల్లెల వైపు చేతులు చాస్తోంది. శ్రీరామసాగర్ కాలువ నీటితో వరి, పసుపు, మక్క పండించి, మామిడి తోటలు పెంచుకున్న రైతులకు తమ భూముల విలువ కళ్లెదుటే పెరగడం తెలుసు. సరిగ్గా ఆ సమయానికే పటంలో రంగు మారడంతో నోటిదాకా వచ్చిన కూడు ఎవరో లాగేసినట్టయింది. 1978 సెప్టెంబరులో రైతు కూలీల జైత్రయాత్రతో రాష్ట్రమంతటా పేరు మోగిన ప్రాంతమిది. భూమి మాట వస్తే ఇక్కడివారు ఊరుకుంటారని అనుకోవడమే పొరపాటు.

పట్టణం గోడు కూడా వినాలి

రైతుల వాదనలో న్యాయం ఉంది. అలాగని పట్టణవాసుల అవసరం అబద్ధం కాదు. ఒకప్పుడు జగిత్యాల వంటి ఊళ్లలో పిల్లలకు ఆటస్థలం అంటూ వేరే వెతకవలసిన పని ఉండేది కాదు. ఇంటి ముందు వాకిలి, వాడ చివర ఖాళీ జాగా, చెరువు కట్ట, కోత కోసిన పొలం... ఏదైనా ఆటస్థలమే. ఇప్పుడు వాకిళ్లు వాహనాలతో నిండిపోయాయి. వాడ చివరి జాగాల్లో మూడంతస్తుల ఇళ్లు లేచాయి. పొద్దున నడకకు వెళ్లేవారు బడి మైదానాన్నో, కాలేజీ మైదానాన్నో ఆశ్రయించాలి, లేకుంటే లారీలు తిరిగే రోడ్డు అంచున ప్రాణాలు అరచేత పెట్టుకుని నడవాలి. బతుకమ్మ పండుగనాడు ఆడవారు కూడి ఆడుకునే చోట్లు కూడా ఏటేటా ఇరుకవుతున్నాయి.

ఎంత జాగా ఉండాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. పట్టణ ప్రణాళికల తయారీకి కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం తలా ఒక్కరికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండడం మంచిది. లక్ష జనాభా గల పట్టణానికి తలా 10 చదరపు మీటర్లు అంటే మొత్తం 10 లక్షల చదరపు మీటర్లు. ఎకరాల్లో చెప్పాలంటే సుమారు 247. పన్నెండు చొప్పున లెక్క వేస్తే 296 ఎకరాలు దాటుతుంది.

ఇక్కడే చిక్కంతా వస్తోంది. కిక్కిరిసిన పట్టణం నడిబొడ్డున అంత జాగా దొరకదు. కాని కాగితం మీద లెక్క సరిపోవాలి. అటువంటప్పుడు పటం గీసేవారికి తేలికగా దొరికేవి పట్టణం అంచున ఉన్న పొలాలు. ఉపగ్రహ చిత్రంలో అవి ఖాళీగా కనిపిస్తాయి. ఓ వంద ఎకరాలను ఒక్క గీతతో చుట్టి పచ్చ రంగు వేస్తే లెక్క తేలిపోతుంది. రంగు వేసినందుకు మున్సిపాలిటీకి దమ్మిడీ ఖర్చు లేదు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే కాబోలు.

పోనీ, అలా చేస్తే పట్టణవాసికైనా మేలు జరుగుతుందా అంటే అదీ సందేహమే. టవర్ సర్కిల్ దగ్గరి పాత ఇళ్లలో ఉండే పదేళ్ల పిల్లవాడు ఆడుకోవడానికి నాలుగైదు కిలోమీటర్ల దూరాన ఉన్న పొలాల వద్దకు వెళ్లగలడా? మోకాళ్ల నొప్పుల ముసలమ్మ ఆటో ఎక్కి వెళ్లి అక్కడ నడక సాగిస్తుందా? పార్కు అంటే ఇంటికి కూతవేటు దూరంలో ఉండవలసినది.

మార్గదర్శకాల్లో ఈ విషయమూ ఉంది. ప్రతి 5 వేల జనాభాకు అర హెక్టారులో ఒక చిన్న పార్కు, 15 వేల జనాభాకు ఒక హెక్టారులో ఒక మధ్యరకం పార్కు, లక్ష జనాభాకు 5 హెక్టార్లలో ఒక పెద్ద పార్కు ఉండాలని వాటిలో సూచించారు. ఈ లెక్కన లక్ష జనాభా పట్టణానికి 20 చిన్న పార్కులు, ఏడు మధ్యరకం పార్కులు, ఒక పెద్ద పార్కు కావాలి. అన్నీ కలిపితే 22 హెక్టార్లు. అంటే 54 ఎకరాలు. వందల ఎకరాల పొలాలకు రంగు వేయడం కన్నా, పట్టణమంతటా చెదురుమదురుగా ఈ 54 ఎకరాలు సంపాదించడమే జనానికి నిజంగా ఉపయోగపడే పని. అది కష్టమైన పని కూడా. వాడవాడా తిరిగి చూడాలి. ఆఫీసులో కూర్చుని గీసే గీతతో అయ్యేది కాదు.

ఉన్న పార్కులు ఏమైనట్టు?

అసలు పార్కులకు జాగా లేకుండా పోయిందా, లేక ఉన్నదాన్ని పోగొట్టుకున్నామా అన్నది మరో ప్రశ్న. నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవారు మొత్తం భూమిలో పదోవంతు బహిరంగ స్థలంగా వదిలి, దాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసివ్వాలి. పది ఎకరాల లేఅవుట్‌లో ఒక ఎకరం పార్కుకే పోవాలన్నమాట. ఈ నియమం అన్నిచోట్లా అమలై ఉంటే ఈ రోజు ఏ పట్టణంలోనైనా ప్రతి కాలనీకీ ఒక పార్కు ఉండేది. రైతుల పొలాల మీద కన్ను వేయవలసిన అగత్యమే వచ్చేది కాదు.

జరిగింది వేరు. అనుమతి లేని వెంచర్లు లెక్కలేనన్ని వెలిశాయి. వాటిలో పదోవంతు వదిలినవారు అరుదు. వదిలిన చోట కూడా ఆ జాగాను తర్వాత ప్లాట్లు చేసి అమ్ముకోవడం, గుడి పేరునో, సంఘ భవనం పేరునో ఆక్రమించుకోవడం తెలంగాణ పట్టణాలన్నింటా పరిపాటి అయిపోయింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం తెచ్చినప్పుడు, బహిరంగ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం రుసుముగా వసూలు చేయాలని నిర్ణయించింది. పార్కుకు బదులు పైకం అన్నమాట. పైకం ఖజానాలో పడుతుంది. పిల్లవాడి ఆటస్థలం మాత్రం తిరిగి రాదు. ఇలా పార్కుల పేరిట వసూలైన సొమ్మును ఆయా కాలనీల దగ్గరే జాగా కొనడానికి కేటాయిస్తేనే ఆ రుసుముకు అర్థం ఉంటుంది.

ఈ లెక్కను రైతు లెక్కతో పోల్చి చూస్తే అసలు అన్యాయం ఎక్కడుందో తెలుస్తుంది. రెండెకరాలు అంటే 80 గుంటలు. లేఅవుట్ వేసే వ్యాపారి అందులో 8 గుంటలు పార్కుకు వదిలితే చాలు. రోడ్లు పోను మిగతాదంతా అమ్ముకుంటాడు. అదే రెండెకరాలు రిక్రియేషన్ జోన్‌లో పడిన రైతు 80 గుంటలూ వదులుకున్నట్టే. ఊరందరికీ కావలసిన పార్కు బరువు ఊరందరూ మోయాలి గాని, పటంలో దురదృష్టం కొద్దీ రంగు పడిన నలుగురైదుగురు రైతులు మాత్రమే ఎందుకు మోయాలి? వారి ఆందోళనకు అసలు మూలం ఇదే.

చెరువు కట్టలే పార్కులు

కొత్తగా ఎవరి పొలమూ ముట్టుకోకుండా పార్కులకు జాగా దొరికే చోట్లు లేకపోలేదు. వాటిలో మొదటివి చెరువులు. తెలంగాణలో చెరువు లేని ఊరు ఉండదు. జగిత్యాల చుట్టూనూ చెరువులు, కుంటలు ఉన్నాయి. 2012లో వెలువడిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పట్టణ పరిధిలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటి చుట్టూ 9 మీటర్లు ఏ కట్టడమూ రాకుండా వదలాలి. ఆ వదిలిన జాగాను పచ్చదనానికి, విహారానికి ఉపయోగించాలన్నదే నియమం ఉద్దేశం. ఒక కిలోమీటరు పొడవున 30 మీటర్ల వెడల్పు అంటే ఏడు ఎకరాలకు పైగా జాగా. పెద్ద చెరువులు రెండు మూడింటి చుట్టూ హద్దులు నిర్ణయించి, రాళ్లు పాతి, చెట్లు నాటి, నడకదారి వేస్తే పట్టణానికి కావలసిన పెద్ద పార్కు అక్కడే అమరుతుంది. చెరువు శిఖం భూమి కబ్జాకు గురికాకుండా కాపలా కాసినట్టూ అవుతుంది. బఫర్‌లో పట్టా భూములున్న రైతులు ఉంటే వారికి పరిహారం గాని, బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కుల పత్రం గాని ఇవ్వవచ్చు.

అయితే చెరువు సుందరీకరణ అంటే సిమెంటు గోడలు, రంగురంగుల దీపాలు, టికెట్టు కౌంటర్లు అన్న అభిప్రాయం పాతుకుపోయింది. చెరువు మొదట నీటికి, చేపకు, ఆయకట్టుకు. ఆ తర్వాతే విహారానికి. కట్ట మీద మట్టి దారి, నీడనిచ్చే వేప, కానుగ చెట్లు, కూర్చోవడానికి నాలుగు అరుగులు, తాగునీరు, ఆడవారికి మరుగుదొడ్డి ఉంటే చాలు. బతుకమ్మకు మెట్లు ఉంటే మరీ మంచిది.

రెండోది ప్రభుత్వ బడుల మైదానాలు. బడి వేళలకు ముందూ తర్వాతా, సెలవు రోజుల్లో వాటిని వాడ పిల్లలకు తెరిచి ఉంచవచ్చు. కాపలాదారు జీతం మున్సిపాలిటీ భరిస్తే బడికి భారం ఉండదు. మూడోది గిఫ్ట్ డీడ్ల ద్వారా మున్సిపాలిటీ పేరున ఉన్న లేఅవుట్ జాగాలు. వార్డుల వారీగా వాటి జాబితాను సర్వే నంబర్లతో సహా కార్యాలయం గోడ మీద అంటిస్తే, ఏది ఎవరి చేతిలో ఉందో ప్రజలే చెబుతారు.

డబ్బు మాట వస్తే, 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికి కేటాయించాలని చెప్పింది. ఆ సొమ్మంతా మొక్కలు కొనడానికే కాకుండా, మొక్క నాటే జాగాను కాపాడడానికి కూడా ఖర్చు చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

ఇతర చోట్ల ఏం చేశారు?

కొత్త కాలనీలు రాబోయే అంచు ప్రాంతాల్లో పార్కులకు జాగా కావలసిందే. అందుకు గుజరాత్‌లో అనుసరిస్తున్న పద్ధతి పరిశీలించదగినది. అక్కడి 1976 నాటి చట్టం కింద ఒక ప్రాంతంలోని రైతుల భూములన్నింటినీ ఒకచోట కలిపి, రోడ్లకు, పార్కులకు, ఇతర సదుపాయాలకు కొంత భాగం తీసి, మిగిలినది ప్లాట్లుగా చేసి ఎవరిది వారికి తిరిగి ఇస్తారు. పార్కులు, ఆటస్థలాలు, బహిరంగ స్థలాలకు 5 శాతం వరకు తీసుకునే వీలుంది. అహ్మదాబాదు పట్టణం చాలావరకు ఇలాగే పెరిగింది. ఈ పద్ధతిలో రెండెకరాల రైతు పార్కు నిమిత్తం వదిలేది 4 గుంటలు. పక్క రైతూ అంతే వదులుతాడు. భూమి కొంత తగ్గినా, రోడ్డు, మురుగు కాలువ, పార్కు పక్కన ఉన్న ప్లాటుకు విలువ పెరుగుతుంది. ఒకరి నష్టం మీద ఇంకొకరి లాభం అన్న మాటకు తావుండదు. ఇందులోనూ జాప్యాలు, వివాదాలు లేకపోలేదు గాని, బరువు అందరి మీదా సమానంగా పడుతుందన్నది కాదనలేని మేలు.

ఒకసారి పార్కుగా నిర్ణయించిన చోటును కాపాడుకునే విషయంలో న్యాయస్థానాలు ప్రజల పక్షాన నిలిచిన సందర్భాలున్నాయి. బెంగుళూరులో పార్కుకు ఉద్దేశించిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ కోసం కేటాయిస్తే, ఆ కాలనీ వాసులే కోర్టుకు వెళ్లారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పార్కు లేకుంటే నష్టపోయేది అక్కడి నివాసులే కనుక వారికి ప్రశ్నించే హక్కు ఉందని కూడా స్పష్టం చేసింది. లక్నోలో ఒక చారిత్రక పార్కు కింద భూగర్భ వ్యాపార సముదాయం కడుతుంటే, దాన్ని తొలగించి పార్కును తిరిగి యథాస్థితికి తేవాలని 1999లో అదే న్యాయస్థానం ఆదేశించింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు సమకూర్చడం పురపాలక సంఘాల విధుల్లో ఒకటని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులోనే రాసి ఉంది.

రైతు రాశాడు, పిల్లవాడు రాయలేదు

ముసాయిదా ప్రకటించిన తర్వాత ‘అభ్యంతరాలు, సలహాలు’ కోరడం చట్టం పెట్టిన నియమం. కామారెడ్డిలో అందుకు 60 రోజుల గడువు ఇచ్చారు. 2023 జనవరి 11 వరకు ఆ గడువు ఉంది. ప్రకటన పత్రికలో చిన్న అక్షరాల్లో వస్తుంది. పటం మున్సిపల్ కార్యాలయంలో వేలాడుతుంది. అందులో సర్వే నంబర్లు పోల్చుకోవడం చదువుకున్నవారికే కష్టం. రంగుల అర్థం తెలిసేసరికి సగం గడువు గడిచిపోతుంది. తెలిసిన రోజున కడుపు మండి వీధికెక్కడం తప్ప రైతుకు మరో దారి కనిపించదు.

ఇంకో విషయం ఎవరూ అంతగా గమనించలేదు. ఇటువంటి సందర్భాల్లో భూమి పోతుందనుకున్నవారు అభ్యంతరం రాస్తారు. అది సహజం. పార్కు ఎవరికి కావాలో వారు మాత్రం సలహా రాయరు. ఆటస్థలం కావాలని పిల్లవాడు అర్జీ పెట్టడు. నడకదారి కావాలని ముసలాయన మున్సిపల్ కమిషనర్‌కు రాయడు. దీపాలు లేని పార్కుకు వెళ్లలేకపోతున్నామని ఆడవారు చెప్పే వేదిక లేదు. అందుచేత పెట్టెలో అభ్యంతరాలే నిండుతాయి, సలహాల గడి ఖాళీగా ఉంటుంది. ముసాయిదా రద్దయితే రైతు గెలిచినట్టే. కాని పట్టణంలోని పిల్లలు, ముసలివారు ఓడిపోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

దీనికి మందు చట్టంలోనే ఉంది. 2019 నాటి మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డులోనూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో పదిహేను మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలని చెప్పింది. పటం గీయడానికి ముందే ఈ కమిటీలను కూర్చోబెట్టి, మీ వార్డులో పార్కుకు జాగా ఎక్కడుంది, ఏది ఆక్రమణలో ఉంది, పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు అని అడిగితే చాలు. విలీన గ్రామాల్లో, విలీనం కాబోయే గ్రామాల్లో రచ్చబండ దగ్గర పటం పరిచి, ఏ సర్వే నంబరుకు ఏ రంగు పడుతుందో తెలుగులో చదివి వినిపించాలి. ఆ గ్రామానికి చెందిన భాగం పటం నకలును పంచాయతీ కార్యాలయంలో ఉంచాలి. వచ్చిన ప్రతి అర్జీకి రసీదు, దాని మీద ఏం నిర్ణయించారో కారణంతో సహా జవాబు ఇవ్వాలి.

అర్జీ రాసేవారికీ కొన్ని జాగ్రత్తలు అవసరం. నోటి మాటగా చెప్పడం, గుంపుగా సంతకాలు చేసి ఇవ్వడంతో సరిపెట్టకుండా ఎవరి అర్జీ వారు వేరుగా ఇవ్వడం మేలు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఇప్పుడు ఆ భూమి ఏ వాడుకలో ఉంది, ముసాయిదాలో ఏ జోన్‌లో చూపారు, బదులుగా ఏం కోరుతున్నారు అన్నవి స్పష్టంగా రాయాలి. పట్టాదారు పాసుపుస్తకం నకలు జతచేయాలి. తేదీతో, ముద్రతో రసీదు తీసుకోవాలి. రేపు కోర్టు గడప తొక్కవలసి వస్తే ఆ కాగితమే ఆధారం. పట్టణవాసులు కూడా పార్కు కావాలంటే ఇలాగే రాయాలి. ఫలానా సర్వే నంబరులో మున్సిపాలిటీ జాగా ఉందని, దాన్ని పార్కుగా చూపాలని రాసిన ఒక్క అర్జీ, పార్కులు కావాలని చేసే పది ఉపన్యాసాల పెట్టు.

మళ్లీ పటం గీయక తప్పదు

ఒక ముసాయిదా రద్దయినంత మాత్రాన మాస్టర్ ప్లాన్ అవసరం తీరిపోదు. ప్లాను లేని పట్టణం పెరగడం మానదు, అడ్డదిడ్డంగా పెరుగుతుంది. నేడు మిగిలి ఉన్న ఖాళీ జాగాలు పదేళ్ల తర్వాత ఉండవు. కోట చుట్టూ, గడియారం స్తంభం చుట్టూ ఇరుకైపోయిన పాత ఊరు ఎలా ఉందో, కొత్త కాలనీలు కూడా కొన్నాళ్లకు అలాగే తయారవుతాయి. అప్పుడు పార్కుకు జాగా కావాలంటే ఇళ్లు కూల్చవలసి వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరమవుతుంది.

కనుక మళ్లీ పటం గీసే రోజున అధికారులు, పాలకవర్గం కొన్ని విషయాలు గుర్తుంచుకోవడం మంచిది. మొదట ప్రభుత్వ జాగాలు, చెరువు కట్టలు, లేఅవుట్లలో పోయిన పార్కులు లెక్క తేల్చాలి. ఆ లెక్క ప్రజల ముందు పెట్టాలి. అప్పటికీ చాలకపోతేనే ప్రైవేటు భూమి జోలికి వెళ్లాలి. వెళ్లినప్పుడు పరిహారం ఎంత, ఎప్పుడు, ఏ పద్దు నుంచి అన్నది చెప్పకుండా ఎవరి చేను మీదా రంగు వేయరాదు. గడువులోగా సేకరించలేకపోతే ఆ రంగు దానంతటదే తొలగిపోవాలి. మహారాష్ట్ర చట్టంలో ఇటువంటి ఏర్పాటు ఉంది. పదేళ్లు గడిచినా రిజర్వు చేసిన భూమిని సేకరించకపోతే యజమాని నోటీసు ఇవ్వవచ్చు, అప్పటికీ కదలిక లేకుంటే రిజర్వేషన్ రద్దవుతుంది. తెలంగాణలోనూ అటువంటి భరోసా ఉంటే, రిక్రియేషన్ జోన్ అన్న మాట వినగానే రైతు గుండె గుభేలుమనే పరిస్థితి ఉండదు.

రైతు పార్కుకు శత్రువు కాడు. అతని పిల్లలూ రేపు పట్టణంలో ఆడుకోవలసినవారే. తనను అడగకుండా తన చేను మీద రంగు వేయడాన్నే అతను కాదన్నాడు. ఆ సంగతి గ్రహించి, ముందు అడిగి తర్వాత గీసే పద్ధతికి జగిత్యాలలో శ్రీకారం చుడితే మిగతా పట్టణాలకు అది దారి చూపుతుంది. ఆ దిశగా సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు చొరవ చూపాలని పట్టణవాసులూ, పల్లెవాసులూ కోరుకోవడంలో తప్పేముంది?